గుర్రం కాళ్లు చూడండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ నేర్పాను. బ్రహ్మోత్సవాల్లో అశ్వవాహనం చూసొచ్చిన పిల్లలు పరుగెత్తే గుర్రాన్ని గీస్తే కాళ్లు ముందుకూ వెనక్కూ చాచేసేవారు. తప్పు వాళ్లది కాదు. 1821లో ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో గీసిన ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ పందెం గుర్రాలూ అలాగే గాల్లో తేలాయి. నాలుగు కాళ్లూ నేల విడిచేది పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడేనని 1878లో ఫోటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ తీసిన ఫోటోలు చూపాయి. ఫ్రెంచ్ చిత్రకారుడు డెగా ఆ ఫోటోలు చూసి గుర్రాలను గీశాడు.

మరో ఫ్రెంచ్ చిత్రకారుడు మానే మాత్రం 1860లలోనే పారిస్‌లోని లోంషాం పందెం మైదానం గుర్రాలను సూటిగా మన మీదికి పరుగెత్తించాడు. కాళ్లు విడిగా తెలియవు, దుమ్ములో కలిసిన కుంచె గీతలే. అయినా గిట్టల చప్పుడు వినిపిస్తుంది!

మీ ఆదివారం అనుబంధంలో ఇలాంటి బొమ్మలను తపాలా బిళ్లంత కాకుండా అరపేజీ వేయండి. పల్లె బడుల పిల్లలు కత్తిరించి నోట్‌బుక్కుల్లో అంటించుకుంటారు.

– విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, తిరుపతి