ఆదివారం మన కమ్యూనిటీ హాల్‌లో మొరం ఫిల్లింగ్

కాలనీ వాళ్లందరికీ నమస్తే 🙏

హన్మకొండ నుంచి మొరం (గులకతో ఉండే ఎర్రమట్టి) ట్రాక్టర్లు ఆదివారం పొద్దున 6 గంటలకే వస్తున్నాయి. శనివారం రాత్రికే సందులోంచి కార్లు, బండ్లు తీసేయండి.

పునాదిలోంచి తీసిన నల్లరేగడి మళ్లీ బేస్‌మెంట్‌లో (హాల్ ఫ్లోరింగ్ కింద, పునాది గోడల మధ్య) పోయొద్దు. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. మా వరండా బండలు లేచింది అందుకే!

మొరం ఒకేసారి కుమ్మరించొద్దు. 6 నుంచి 8 అంగుళాల పొర పరిచి, నీళ్లు చల్లి, మిషన్‌తో గట్టిగా కొట్టాకే పై పొర. తడి సరిపోయిందా? పిడికిట్లో పట్టి నొక్కండి: ముద్ద కట్టాలి, చేతికి నీళ్లు కారకూడదు.

వీలైనవాళ్లు పార, తట్ట తెచ్చుకోండి. చెట్ల వేళ్లు, ప్లాస్టిక్ కవర్లు ఏరాలి. పిల్లల్ని అటు పంపొద్దు.

వచ్చేవాళ్లు శుక్రవారంలోపు ఇక్కడే చెప్పండి, టిఫిన్ లెక్క కావాలి.