సుసానా క్లార్క్ నవలలు పిల్లల పేజీకి చెందినవి కావు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన ఒక సాహిత్య వ్యాసంలో, మాయలూ మంత్రాలూ ఊహాలోకాలూ ఉండే నవలలు బాల్యానికి సంబంధించినవనీ, వయసు వచ్చిన పాఠకులు వాటిని దాటుకుని వాస్తవిక సాహిత్యానికి చేరుకోవాలనీ వ్యాసకర్త అభిప్రాయపడ్డారు. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన చేత ‘కళాపూర్ణోదయం’ రాయించుకున్న భాష మనది. కాశీమజిలీ కథలను పెద్దలు వాకిట్లో కూర్చుని పైకి చదువుతుంటే చుట్టూ చేరి విన్న జిల్లాలు మనవి. అయితే నా అభ్యంతరానికి ఆధారంగా పాత గ్రంథాలను కాక, మన కాలంలోనే జీవించి రాస్తున్న ఒక రచయిత్రిని చూపించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆమె పేరు సుసానా క్లార్క్.

ఆమె 1959 నవంబరు 1న ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుట్టారు. తండ్రి మెథడిస్టు చర్చిలో పాస్టరు కావడం వల్ల ఉత్తర ఇంగ్లండులోను, స్కాట్లండులోను ఊరూరా తిరుగుతూ ఆమె బాల్యం గడిచింది. ఆక్స్‌ఫర్డులోని సెయింట్ హిల్డాస్ కళాశాలలో తత్త్వశాస్త్రం, రాజనీతి, అర్థశాస్త్రం చదువుకున్నారు. తరువాత ఇటలీలోని ట్యూరిన్‌లోను, స్పెయిన్‌లోని బిల్బావోలోను ఇంగ్లీషు బోధించి, 1992లో స్వదేశానికి తిరిగివచ్చి, డర్హమ్ ప్రాంతంలో ఉత్తర సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక ఇంట్లో తన మొదటి నవలకు శ్రీకారం చుట్టారు. ఆ మరుసటి ఏడాది నుంచి పదేళ్ళ పాటు కేంబ్రిడ్జిలో ఒక ప్రచురణ సంస్థలో వంటల పుస్తకాలకు సంపాదకత్వం వహిస్తూ, ఉద్యోగం మిగిల్చిన వేళలలో ఆ నవలను కొనసాగించారు. 1993లో ఒక రచనా శిక్షణ తరగతి కోసం ఆమె రాసిన కథను అక్కడ బోధకుడిగా ఉన్న నవలాకారుడు కాలిన్ గ్రీన్‌లాండ్ ఆమెకు చెప్పకుండానే మరో రచయితకు పంపించారు. ఆ విధంగా చేతులు మారిన కథ 1996లో ఒక సంకలనంలో అచ్చయింది. గ్రీన్‌లాండే తరువాత ఆమె జీవిత భాగస్వామి అయ్యారు.

‘జొనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్’ అనే ఆ మొదటి నవల 2004లో వెలువడింది. ఆ సంవత్సరం బుకర్ బహుమతి పరిశీలన జాబితాలో చోటు సంపాదించడమే కాక, 2005లో హ్యూగో పురస్కారాన్ని, వరల్డ్ ఫాంటసీ పురస్కారాన్ని కూడా అందుకుంది. నెపోలియన్‌తో యుద్ధాలు సాగుతున్న రోజుల ఇంగ్లండులో, వందల ఏళ్ళ కిందట కనుమరుగైపోయిన మంత్రవిద్యను ఇద్దరు మనుషులు తిరిగి ఆచరణలోకి తేవడం అందులోని ఇతివృత్తం. కథ మొదలయ్యేసరికి యార్క్ నగరంలో మంత్రవిద్యా పండితుల సంఘం ఒకటి ఉంటుంది. ఆ పెద్దమనుషులు నెలనెలా సమావేశమై మంత్రాల చరిత్ర మీద సుదీర్ఘమైన పత్రాలు చదువుకుంటారే గాని వారిలో ఒక్కరూ ఒక్క మంత్రమూ వేసి ఎరుగరు. ఇప్పుడు ఈ దేశంలో మంత్రం ఎందుకు లేకుండా పోయిందని కొత్తగా చేరిన సభ్యుడు ఒకాయన అడిగితే, అటువంటి ప్రశ్న అడగడమే అమర్యాద అన్నట్టు చూస్తారు. చివరకు, ఎక్కడో పల్లెలో తన గ్రంథాలయంలో ఒంటరిగా బతుకుతున్న నోరెల్ అనే ఆయన వారితో పందెం కట్టి, యార్క్‌లోని పెద్ద చర్చిలో ఉన్న రాతి విగ్రహాల చేత మాట్లాడిస్తాడు.

ఆ ఘట్టాన్ని కొంచెం నిదానంగా చెప్పాలి. మంచు కురిసే చలికాలంలో, చీకటిగా ఉన్న ఆ చర్చిలో మొదట వినిపించే రాతి గొంతు దేవుణ్ణి కీర్తించదు, మంత్రగాడిని పొగడదు. ఎన్నో వందల ఏళ్ళ కిందట, ఇటువంటి చలికాలపు సాయంత్రమే, జడలో ఆకులు తురుముకున్న ఒక చిన్నదాన్ని ఒకడు ఇక్కడికి తీసుకువచ్చి గొంతు నులిమి చంపాడనీ, చూసినవి రాళ్ళు మాత్రమే కావడం వల్ల వాడికి శిక్ష పడలేదనీ ఆ చిన్న శిల్పం మొరపెడుతుంది. ఎవరికీ వినిపించనందువల్ల అంతకాలం ఆ సాక్ష్యం రాతిలోనే ఉండిపోయింది. దాక్షారామం భీమేశ్వరాలయంలో స్తంభాల మీద, గోడల మీద ఉన్న శాసనాలలో రాజులు, రాణులు, దాతలు తమ దానాల సంగతి చెప్పుకున్నారు. ఆ నవల చదివినప్పటి నుంచి, ఆ ప్రాకారంలో ఎప్పుడు నడిచినా, చెక్కించుకునే స్తోమత లేనివారి మాట ఈ రాళ్ళ దగ్గర ఎంత ఉందో అన్న ఆలోచన నన్ను వదలడం లేదు. ఇంతటి ఆలోచనను కలిగించే ఘట్టాన్ని మాయగా తీసిపారేయడం న్యాయం కాదు.

అదే నవలలో నోరెల్ దేశంలోని మంత్రగ్రంథాలన్నిటినీ కొని, తన ఇంట్లో పెట్టుకుని, ఇంకెవరి కంటా పడనివ్వడు. విద్య గౌరవంగా ఉండాలంటే అది తన ఒక్కడి చేతిలోనే ఉండాలని నిజాయితీగా నమ్ముతాడు. బానిసగా ఓడలో ప్రయాణిస్తూ తనను కని చనిపోయిన తల్లి తనకు ఏ పేరు పెట్టిందో కూడా తెలియని స్టీఫెన్ బ్లాక్ అనే నల్లజాతి సేవకుడి కథ మరొకటి అందులో సమాంతరంగా నడుస్తుంది. వందకు పైగా ఉన్న అధోజ్ఞాపికలలో, లేని గ్రంథాల నుంచి ఉదాహరణలు, జరగని చరిత్రలు, పల్లెల్లో చెప్పుకునే కథలు పొందికగా అమర్చి ఒక దేశానికి సమస్తమైన జానపద వాఙ్మయాన్ని ఆమె ఒంటిచేత్తో సృష్టించారు. స్పెయిన్ యుద్ధరంగానికి సంబంధించిన అధ్యాయాలు నాకు కొంత సాగినట్టు అనిపించిన మాట నిజమే గాని, నవల మొత్తం మీద ఆ లోపం లెక్కలోకి రాదు.

ఆ విజయం వచ్చిన కొద్ది నెలలకే ఆమె ఆరోగ్యం దెబ్బతింది. దీర్ఘకాలం వేధించే తీవ్రమైన నిస్సత్తువ వ్యాధి ఆమెను మంచానికి పరిమితం చేసింది. 2006లో వచ్చిన కథల సంపుటి తరువాత ఆమె రెండో నవల కోసం పాఠకులు 2020 దాకా ఎదురుచూడవలసి వచ్చింది. మధ్యలో 2015లో బీబీసీ మొదటి నవలను ఏడు భాగాల ధారావాహికగా తీసింది. రాయలేని రోజులు అన్ని సంవత్సరాలు సాగిన తరువాత, ఎక్కువ పాత్రలు అక్కరలేని, ఎక్కువ పరిశోధన అక్కరలేని చిన్న కథ ఒకదాన్ని ఎన్నుకుని ఆమె రాసిన పుస్తకమే ‘పిరనేసి’. దానికి 2021లో విమెన్స్ ప్రైజ్ ఫర్ ఫిక్షన్ లభించింది. దీర్ఘవ్యాధితో ఉన్న ఇతర స్త్రీలకు తన విజయం కొంత ధైర్యం ఇవ్వాలని బహుమతి అందుకుంటూ ఆమె ఆకాంక్షించారు.

గోదావరి డెల్టాలో ఉన్నవాళ్ళు ముఖ్యంగా చదవవలసింది ఈ ‘పిరనేసి’నే. అంతులేని మందిరాలు, ప్రతి మందిరంలోను వరుసలు తీరిన పాలరాతి విగ్రహాలు ఉన్న ఒక మహాగృహమే అందులో ప్రపంచం. కింది అంతస్తులో సముద్రం ఉంటుంది, పై అంతస్తులో మేఘాలు తిరుగుతాయి, నడిమి అంతస్తులో పక్షులతో పాటు కథ చెప్పే మనిషి నివసిస్తాడు. చేపలు పట్టుకుని, సముద్రపు నాచు ఎండబెట్టి వంటచెరకుగా వాడుకుని, ఏ మందిరంలోకి ఏ పోటు ఎప్పుడు వస్తుందో పట్టికలు రాసుకుని బతుకుతాడు. మూడు పోట్లు ఒకేసారి కలిసే ఘడియను కళ్ళారా చూడటానికి వెళ్ళి, ఎత్తైన విగ్రహాన్ని కరుచుకుని నిలబడటంతో కథ మొదలవుతుంది.

మా లంక గ్రామాలలో ఈ లెక్క తెలియని ఇల్లు లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అన్న అంకెలు అక్షరం ముక్క రాని ముసలమ్మలకు కూడా కంఠతా వచ్చు. అక్కడ వదిలిన నీరు ఎప్పటికి మా రేవు మెట్లు ఎక్కుతుందో, ఆ వేళకు అంతర్వేది దగ్గర సముద్రం పోటు మీద ఉంటుందో ఆటు మీద ఉంటుందో ఆలోచించుకుని గాని పశువులను ఏటిగట్టు మీదికి తోలాలా వద్దా అన్నది నిశ్చయించుకోరు. పున్నమికో అమావాస్యకో వరద వస్తే ‘సముద్రం నీరు తీసుకోవడం లేదు’ అని ఒకరికొకరు చెప్పుకుని, ఆ రాత్రి ఎవరూ నిద్రపోరు. ఈ జాగ్రత్త, నీటి పట్ల ఈ భయభక్తులు, ఎక్కడో ఇంగ్లండులో జబ్బుతో ఇంటికే పరిమితమైన ఒక స్త్రీ కల్పించిన పాత్రలో యథాతథంగా కనిపించడం నాకు అమితమైన ఆశ్చర్యాన్ని, ఆప్యాయతను కలిగించింది.

ఆ కథానాయకుడికి తన గతం గుర్తు లేదు. అయినా తన ప్రపంచంలో దొరికిన పదముగ్గురు మృతుల అస్థికలకు క్రమం తప్పకుండా ఆహారం, నీళ్ళు, కలువపూలు సమర్పిస్తాడు. చలికాలంలో గూడు కట్టుకోవడానికి వచ్చిన ఆల్బట్రాస్ పక్షుల జంటకు, తనకు మూడు రోజుల చలిమంటకు సరిపోయే ఎండునాచును ఇచ్చేసి, లోకంలోకి ఒక కొత్త పక్షి వస్తుంటే తాను కొన్నాళ్ళు చలికి ఓర్చుకుంటే ఏమని సమాధానపడతాడు. కల్పన అంటే బాధ్యత నుంచి పారిపోవడమని భావించేవారు ఈ రెండు పేజీలు చదవాలి. మిగిలిన కథ చెప్పను, చదివేవారికి అన్యాయం చేసినట్టవుతుంది.

మీ అనుబంధంలో సుసానా క్లార్క్ జీవితాన్ని, రచనలను సాధికారంగా పరిచయం చేసే వ్యాసాన్ని సాహిత్య పేజీలోనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మొదటి నవల ఎనిమిది వందల పేజీలకు దగ్గరగా ఉంటుంది కనుక దాని అనువాదానికి కాలం పట్టవచ్చు. ‘పిరనేసి’ నిడివి తక్కువ, పైగా దినచర్య రూపంలో ఉంది కనుక హక్కులు సంపాదించగలిగితే వారం వారం ధారావాహికగా వేయడానికి చక్కగా అమరుతుంది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా మేము కడుతున్నాము కాబట్టి, ఉభయ గోదావరుల, కోనసీమ శాఖా గ్రంథాలయాలు వచ్చే కొనుగోళ్ళలో ఈ రెండు నవలల ఇంగ్లీషు ప్రతులనైనా చేర్చాలని మీ పత్రిక ద్వారా అధికారులకు విన్నవించుకుంటున్నాను. డిగ్రీ చదివే పిల్లలు మా ఊళ్ళలో చాలామంది ఉన్నారు. పుస్తకం బల్ల మీద ఉంటే వారు తప్పక తీసుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
పి. గన్నవరం మండలం, కోనసీమ