న్యాయపతి వారిని మరిచిపోతే ఎలా?

సంపాదకులు గారికి,

'ది హిందూ' పత్రిక పుట్టుక ప్రస్తావన వచ్చినప్పుడల్లా సుబ్రహ్మణ్య అయ్యర్, వీరరాఘవాచార్యర్ పేర్లతోనే సరిపెడుతున్నారు. పత్రికను మొదలుపెట్టింది ఆరుగురు; మిగతా నలుగురూ లా విద్యార్థులు. వారిలో మన న్యాయపతి సుబ్బారావు పంతులు గారు ఒకరు.

మద్రాసు హైకోర్టులో భారతీయుడైన ముత్తుస్వామి అయ్యర్‌ని జడ్జిగా వేస్తే ఇంగ్లీషువాళ్ల పత్రికలు విరుచుకుపడ్డాయి. దానికి జవాబుగా 1878 సెప్టెంబరు 20న వారపత్రిక వచ్చింది. అచ్చు ఖర్చుకు అప్పు చేసింది ఒక రూపాయి పన్నెండు అణాలు, వేసింది 80 కాపీలు. లెక్కేస్తే కాపీకి అణాలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ! ఈ రోజుల్లో పెళ్లిపత్రికలు కూడా ఎనభై కన్నా ఎక్కువే వేయిస్తారు.

లా పట్టా చేతికొచ్చాక సుబ్బారావు గారు రాజమండ్రిలో ప్లీడరుగా స్థిరపడ్డారు. కోర్టు పని పెరిగినా పత్రిక పిచ్చి మాత్రం పోలేదు. వీరేశలింగం గారిని సంపాదకులుగా పెట్టి 'చింతామణి' మాసపత్రిక నడిపించారు, నవలల పోటీలు పెట్టించారు. చిలకమర్తి వారి 'రామచంద్ర విజయం' నవల ఆ పోటీకి రాసిందే. తెలుగు నవల తొలి అడుగుల్లో ఒక వకీలు చేయి ఉందన్నమాట. నాకైతే ఆయన కాంగ్రెస్ పదవుల కన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది.

'చింతామణి' పాత సంచికలు ఎవరి ఇంటి అటక మీదైనా ఉంటే చెదలు పట్టకముందే స్కాన్ చేయించమని మీ పత్రిక ద్వారా కోరండి. వీలైతే ఆయన మీద ఆదివారం ఒక పేజీ కేటాయించండి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం