షుగర్ ఉన్న పిల్లాడికి చక్కెర ఎందుకు ఇచ్చామంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

సోమవారం ప్రేయర్‌లో ఏడో తరగతి అబ్బాయి ఒకడు చెమటలు పట్టి, వణుకుతూ కూలబడిన సంగతి సాయంత్రానికే వాట్సాప్‌లో మీ అందరికీ చేరింది. "షుగర్ ఉన్న పిల్లాడికి గ్లూకోజ్ తాగించారట" అని కొందరు, "మా వాణ్ణి ఆ బెంచీ నుంచి మార్చండి" అని ఇద్దరు ఫోన్ చేశారు. ఆ బాబు అమ్మానాన్నలను అడిగే ఇది రాస్తున్నాను.

అతనికి ఉన్నది టైప్ 1 మధుమేహం. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటుపడి, రక్తంలో చక్కెరను తగ్గించే ఇన్సులిన్‌ను క్లోమంలో తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. మిఠాయిలు తింటే వచ్చేది కాదు, పక్కన కూర్చుంటే అంటుకునేది కాదు. ఇన్సులిన్ వేసుకున్నాక తిండి సరిపోకపోతే షుగర్ పడిపోతుంది. అది డెసిలీటరు రక్తంలో 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెరో, గ్లూకోజో ఇచ్చి, పావుగంట తర్వాత మళ్ళీ పరీక్షించాలి. మన పీటీ మాస్టారు చేసింది సరిగ్గా అదే. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. బ్యాగులో గ్లూకోజ్ ఏ అరలో ఉందో తెలిసి, ఎవరూ చెప్పకముందే పరుగెత్తి తెచ్చింది ఆ బెంచీలో కూర్చునే స్నేహితుడే. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాకు ఇంత గర్వంగా అనిపించిన రోజులు తక్కువ.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు అనుకోకండి. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అంచనాల ప్రకారం ఇరవై ఏళ్ళలోపు టైప్ 1 ఉన్నవాళ్ళు ప్రపంచంలో 12 లక్షలకు పైనే. మన దేశంలోనే సుమారు 2.29 లక్షల మంది, మరే దేశంలోనూ ఇంతమంది లేరు. పిల్లలు ఉన్నట్టుండి నీళ్ళు తెగ తాగుతున్నా, మాటిమాటికీ బాత్‌రూంకి వెళ్తున్నా, చిక్కిపోతున్నా పరీక్షల టెన్షన్ అని సరిపెట్టుకోకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.

నా అసలు దిగులు మిగతా పిల్లల గురించి. 2016–18లో జరిగిన జాతీయ పోషకాహార సర్వేలో 10–19 ఏళ్ళ వాళ్ళలో దాదాపు పదిమందికి ఒకరు మధుమేహం అంచున ఉన్నట్టు తేలింది. పెద్దవాళ్ళకు వచ్చే టైప్ 2 ఇప్పుడు బడి వయసులోనే కనిపిస్తోంది. అయినా ఆటల పీరియడ్ తీసేసి మ్యాథ్స్ పెట్టమని తొమ్మిదో తరగతి తల్లిదండ్రులు కొందరు అర్జీ ఇచ్చారు. నేను ఉన్నంతకాలం ఆ పీరియడ్ పోదు. బడి బస్సు దిగి ట్యూషన్‌కి, ట్యూషన్ నుంచి సెల్‌ఫోన్‌కి వెళ్ళే పిల్లలకు ఒళ్ళు అలిసేది ఆ నలభై నిమిషాలే. మండల స్థాయి ఖోఖోలో గెలిచిన మన ఎనిమిదో తరగతి ఆడపిల్లల్లో ముగ్గురు లెక్కల్లో క్లాస్ ఫస్ట్, సెకండ్, థర్డ్. ఆట చదువును చెడగొట్టదు.

పొద్దున్నే మీ హడావుడి నాకు తెలుసు, ఎవరినీ నొప్పించాలని కాదు. కానీ గత వారం ఆరో తరగతిలో పదకొండు మంది టిఫిన్ తినకుండా వచ్చారు. నలుగురి లంచ్ బాక్సుల్లో అన్నానికి బదులు చిప్స్ ఉన్నాయి. 300 మి.లీ. కూల్‌డ్రింక్‌లో సుమారు ఎనిమిది చెంచాల చక్కెర ఉంటుంది. దయచేసి నీళ్ళ సీసాలో అది పోసి పంపకండి, మా ఆయాలు మూత తీయగానే గుర్తుపడుతున్నారు.

 

నవంబరు 14 నెహ్రూ గారి పుట్టినరోజే కాదు, ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజు కూడా. అందుకే అది ప్రపంచ మధుమేహ దినం. 1922లో టొరంటోలో తొలి ఇన్సులిన్ ఇంజెక్షన్ అందుకున్నది పద్నాలుగేళ్ళ కుర్రాడు. మన ఏడో తరగతి బాబు ఆ కథ చెప్పి, షుగర్ చూసుకునే గ్లూకోమీటర్ ఎలా వాడతాడో స్టేజీ మీద చూపిస్తానని తనంతట తానే అడిగాడు. బెంచీ మార్చమన్న ఇద్దరూ తప్పకుండా రావాలని నా కోరిక. ఆ రోజు బడిలో కార్యక్రమం ఉదయం తొమ్మిదిన్నరకి. పిల్లలకు టిఫిన్ పెట్టి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు