హోమ్‌లలో పెరిగినవాళ్ల సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

సంఘంలోని అన్నలకు, అక్కలకు, ఈ ఏడాదే పిల్లల హోమ్ గేటు దాటి మనలో కలిసిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

పోయినసారి సర్వసభ్య సమావేశంలో ఒక నిర్ణయం తీసుకున్నాం. హోమ్‌లలో కేకులు, పండగ బట్టల పంపిణీ మానేసి కాగితాల పని చూద్దామని. కొందరికి నచ్చలేదు, తెలుసు. కానీ బట్టలు తెచ్చి ఫొటో దిగే దాతలకు కొదవ లేదు. ఆధార్‌లో పుట్టిన తేదీ సరిచేయించడానికి వెంట వచ్చే మనిషే దొరకడు. అందుకే ఈ ఏడాది మన పని చాలావరకు మీసేవ కేంద్రాల్లో, తహసీల్దారు కార్యాలయాల్లో నడిచింది.

అన్నిటికంటే ఎక్కువ తిప్పింది కుల ధ్రువపత్రం. పదేళ్లలోపే తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసే దిక్కు లేక ప్రభుత్వ హోమ్‌లో గానీ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆశ్రమంలో గానీ చేరిన పిల్లలు ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచే బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. ఆ సంగతి కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లకు తెలిస్తే కదా! ఒకచోట గుమాస్తా మన చెల్లితో, ‘మీ నాన్నను తీసుకురామ్మా’ అన్నాడు. తను నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ తర్వాత జాబితా జెరాక్స్ చేతిలో పెట్టుకునే వెళ్లాం. నాలుగోసారికి పత్రం చేతికొచ్చింది. అయితే మనలో చాలామందికి తల్లో తండ్రో ఎక్కడో బతికే ఉన్నారు. ఉండీ లేనివాళ్లు. వాళ్ల పిల్లలకు ఈ దారి కూడా లేదు.

పాస్‌పోర్టు పని కొంత నయం. పుట్టిన తేదీకి ఆధారం లేని అనాథ పిల్లలకు ఆశ్రమ అధిపతి లెటర్‌హెడ్ మీద ధ్రువీకరిస్తే చాలని 2016 డిసెంబరులోనే నిబంధన మార్చారు.

ఇక చట్టం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిది నిండి హోమ్ వదిలే పిల్లలకు ఆర్థిక సాయం ‘ఇవ్వవచ్చు’. ‘ఇవ్వాలి’ అని లేదు. మన గోడంతా ఆ ‘వచ్చు’ దగ్గరే. ఆఫ్టర్‌కేర్, అంటే హోమ్ వదిలాక అందే తోడ్పాటు, 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు ఉంటుంది. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4,000 వస్తుంది. నగరంలో ఆ డబ్బు హాస్టల్ మంచానికే చాలదు. మా రోజుల్లో అదీ లేదనుకోండి. పద్దెనిమిదో పుట్టినరోజు నాడు చేతిలో సంచి, బస్సు ఛార్జీ, అంతే.

అధికారులకు ఇచ్చిన వినతిపత్రంలో రెండు అడిగాం. పదిహేడు నిండగానే ప్రతి పిల్లవాడి సంరక్షణ ప్రణాళికలో ఏ కాగితాలున్నాయో, ఏవి లేవో రాసిపెట్టాలి. మూడు నెలలకోసారైనా హోమ్‌లకు వెళ్లే తనిఖీ బృందంలో వైద్యాధికారి, ఒక మహిళ ఎలాగూ ఉండాలి కాబట్టి, హోమ్‌లో పెరిగిన ఒకరినీ చేర్చాలి. పప్పు పల్చబడితే మనకు వాసనలోనే తెలిసిపోతుంది. మొదటి దానికి సరేనన్నారు. రెండోదానికి ఇంతవరకు జవాబు లేదు.

ఫోస్టర్ కుటుంబంలో, అంటే దత్తత తీసుకోకుండానే ఇంట్లో పెట్టుకుని పెంచే కుటుంబంలో పెరిగిన మన అక్క ఒకరు, పిల్లల్ని తీసుకోవాలనుకునే దంపతులతో మాట్లాడారు. ‘దత్తత వేరు, ఇది వేరు. బళ్లో ఏ సంతకం కావాలన్నా మా అమ్మ బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు పట్టుకుని తిరిగేది’ అన్నారు. 2024 ఫోస్టర్ మార్గదర్శకాల్లో ఒంటరివాళ్లకూ అవకాశమిచ్చారు. రెండేళ్లు పెంచాక దత్తతకు వెళ్లొచ్చన్నారు, అంతకుముందు అయిదేళ్లుండేది. ఈ మాట విని ఇద్దరు ముగ్గురు ఫారాలు అడిగి తీసుకెళ్లారు.

జరగనిదీ చెప్పాలి. హోమ్ వదిలిన మగపిల్లల కోసం మూడు గదుల ఇల్లు చూశాం. అడ్వాన్సు ఇచ్చాక, ఎవరుంటారో తెలిసి యజమాని డబ్బు తిరిగిచ్చేశాడు. మళ్లీ ఇల్లు దొరకలేదు. మనతో ఫోన్లో టచ్‌లో ఉన్న ఇద్దరు తమ్ముళ్ల నంబర్లు పనిచేయడం లేదు. తెలిసినవాళ్లు కబురు చేయండి.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి అన్న విడిగా ఇస్తారు. వచ్చే జూన్‌లోపు పద్దెనిమిది నిండేవాళ్ల జాబితా నా దగ్గర ఉంది. ఒక్కొక్కరికి ఒక మనిషి తోడు కావాలి. పని దినాల్లో సెలవు పెట్టగలిగినవాళ్లు ఈ సమావేశం ముగిసేలోగా పేర్లు రాయించండి.