మన జట్టును పక్కన పెడితేనే చట్టం గుర్తొస్తుందా?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (మనకు తెలిసిన సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) అంటే మన అంతర్ కళాశాలల పోటీల్లాంటిదే అనుకుంటారు చాలామంది. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌కు వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఇక్కడ శనివారం వస్తే లక్షమంది పట్టే స్టేడియాలు కూడా నిండిపోతాయి. పిల్లల్ని ఇక్కడ చదివిస్తున్న మనవాళ్లు సైతం వాళ్ల యూనివర్సిటీ జెర్సీ వేసుకుని టీవీ ముందు టెన్షన్ పడుతుంటారు. అందుకే, చాంపియన్ ఎంపికలో ప్రభుత్వం కలగజేసుకోవాలా అన్న వాదన మీద ఈ ఉత్తరం.

పేచీ అంతా చాంపియన్‌ను తేల్చే పద్ధతి దగ్గరే. పై స్థాయిలో 130కి పైగా జట్లున్నాయి. సీజన్‌లో ఒక్కోటి మామూలుగా ఆడేది 12 మ్యాచ్‌లు. అందరూ అందరితో ఆడరు కాబట్టి పాయింట్ల పట్టికతో పని జరగదు. ఏ జట్టు గొప్పదో ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి. 1998 నుంచి బీసీఎస్ పేరుతో ఓట్లు, కంప్యూటర్ లెక్కలు కలిపి రెండు జట్లను ఫైనల్‌కు పంపేవారు. 2014లో నాలుగు జట్ల ప్లేఆఫ్, అంటే నాకౌట్ పోటీ, వచ్చింది, 2024లో అది 12 జట్లకు పెరిగింది. ఇప్పుడు ఎంపిక చేసేది 13 మంది కమిటీ. ఎవరు ఏ జట్టుకు ఓటేశారో బయటికి చెప్పరు.

ఇందులో ప్రభుత్వం కలగజేసుకోవాలని అడిగినవాళ్ల ఊర్లు ఒకసారి చూడండి. 2008 సీజన్‌లో యూటా జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, అయినా ఫైనల్ ఆడనివ్వలేదు. ఫైనల్ బదులు ఆడిన షుగర్ బౌల్ అనే మ్యాచ్‌లో అలబామాను 31–17తో ఓడించింది. 2009 జులైలో దీనిమీద సెనేట్‌లో విచారణ పెట్టించింది ఎవరు? యూటా సెనేటర్ ఓరిన్ హాచ్. అదే సీజన్‌లో టెక్సస్ జట్టు ఓక్లహోమాను 45–35తో ఓడించినా ఫైనల్‌కు వెళ్లింది ఓక్లహోమా. ప్లేఆఫ్ లేకుండా ఏ మ్యాచ్‌నూ జాతీయ చాంపియన్‌షిప్ అని ప్రచారం చేయకూడదంటూ 2009లో బిల్లు తెచ్చింది మా టెక్సస్ ప్రతినిధి జో బార్టన్. సబ్‌కమిటీ దాకా వెళ్లి అక్కడితో ఆగింది. 2023లో 13కి 13 గెలిచిన ఫ్లోరిడా స్టేట్‌ను, క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపించే ప్రధాన ఆటగాడు) గాయపడ్డాడు కాబట్టి జట్టు మునుపటిలా లేదని కమిటీ పక్కన పెట్టి, అలబామాకు చోటిచ్చింది. అది నిజంగా అన్యాయమేనని నేనూ ఒప్పుకుంటాను. దర్యాప్తు మొదలుపెట్టింది ఫ్లోరిడా అటార్నీ జనరల్. పక్క రాష్ట్రానికి జరిగిన అన్యాయానికి ఇంత హడావుడి చేసిన నాయకుడిని నేనైతే చూడలేదు.

1969లో ప్రెసిడెంట్ నిక్సన్ టెక్సస్–ఆర్కాన్సా మ్యాచ్‌కు వెళ్లి, గెలిచిన టెక్సస్‌కు నంబర్ వన్ అంటూ ఫలకం ఇచ్చి వచ్చారు. ఆ ఏడాది పెన్ స్టేట్ కూడా ఓటమి ఎరగదు. వాళ్ల కోచ్ జో పటెర్నో దాన్ని మర్చిపోలేదు. ఫుట్‌బాల్ గురించి అంత తెలిసిన మనిషికి, తన పదవికే ముప్పు తెచ్చిన వాటర్‌గేట్ కుంభకోణం గురించి అంత తక్కువ ఎలా తెలుసో అని 1973లో చురక వేశారు. చాంపియన్ ఎవరో పాలకులు చెబితే చివరికి జరిగేది ఇదే. 1905లో థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లను వైట్‌హౌస్‌కు పిలిచిన సంగతి వేరు. అప్పుడు మైదానంలో కుర్రాళ్లు చనిపోతున్నారు.

అలాగని ప్రభుత్వానికి ఏ పనీ లేదని నేను అనడం లేదు. ఈ ప్లేఆఫ్ ప్రసార హక్కులకు ఈఎస్‌పీఎన్ అనే టీవీ సంస్థ ఆరేళ్లకు 780 కోట్ల డాలర్లు ఇస్తోంది. కొత్త ఒప్పందంలో సగానికి పైగా సొమ్ము బిగ్ టెన్, ఎస్ఈసీ అనే రెండు కాన్ఫరెన్స్‌ల (జట్ల కూటముల) యూనివర్సిటీలకే పోతుంది. ఇంత డబ్బు తిరిగేది వ్యాపారమే కదా! వ్యాపారంలో నలుగురు కలిసి మిగతావాళ్లకు తలుపులు మూస్తే అడగడానికి 1890 నుంచీ షెర్మన్ చట్టం ఉంది. టీవీ ప్రసారాల మీద కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యాన్ని 1984లో సుప్రీంకోర్టు కొట్టేసింది ఆ చట్టం కిందే. 2011లో న్యాయశాఖ ప్లేఆఫ్ ఎందుకు పెట్టలేదని ఎన్‌సీఏఏకు ఉత్తరం రాసింది. మరుసటి ఏడాదే నాలుగు జట్ల ప్లేఆఫ్ ప్రకటన వచ్చింది. ఆ ఉత్తరం ఒక్కదానికే కదిలారని అనను, టీవీ డబ్బు కూడా ఊరించి ఉంటుంది.

న్యాయశాఖ అడగాల్సింది ఆ డబ్బు పంపకం గురించి. ఇక చాలా యూనివర్సిటీలు రాష్ట్రాల సొమ్ముతో నడిచేవే కాబట్టి, కమిటీ ఓట్లను బయటపెట్టమని రాష్ట్రాలు పట్టుబట్టవచ్చు. అలబామా గొప్పదా, ఫ్లోరిడా స్టేట్ గొప్పదా అన్నది మాత్రం అమెరికా కాంగ్రెస్‌కు, అంటే ఇక్కడి పార్లమెంటుకు, అక్కర్లేని విషయం.

వచ్చే డిసెంబరులో కమిటీ టెక్సస్‌ను పక్కన పెడితే నేనే మాట మార్చి ఇంకో ఉత్తరం రాస్తానేమో. దయచేసి దాన్ని అచ్చు వేయకండి.

– ఒక పాఠకుడు, ఆర్లింగ్టన్, టెక్సస్