అమ్మ బయాప్సీ బ్లాక్‌ను కాపాడినవాళ్ళకి

మందు మొదలుపెట్టాక మూడు నెలలకి తీసిన స్కాన్ రిపోర్టు నిన్న వచ్చింది. అమ్మ ఊపిరితిత్తిలోని గడ్డ సగానికి పైగా తగ్గింది. ఫోన్ చేసి అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

అమ్మకి 58 ఏళ్ళు. ఇంట్లో చుట్ట, సిగరెట్ తాగేవాళ్ళెవరూ లేరు. దగ్గు తగ్గకపోతే మొదట చూపించిన చోట టీబీ అనుకుని మందులు వాడించారు. రెండు నెలలు అలా పోయాయి. తర్వాత గుంటూరులో సీటీలో చూస్తూ సూదితో ముక్క తీశారు (బయాప్సీ). అడినోకార్సినోమా, అంటే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం, నాలుగో స్టేజి అన్నారు.

హైదరాబాద్ డాక్టరుగారు వెంటనే కీమో మొదలుపెట్టలేదు. పొగతాగని ఆడవాళ్ళలో ఈజీఎఫ్‌ఆర్ అనే జీన్‌లో మార్పు ఎక్కువగా కనిపిస్తుందని, అది ఉంటే రోజుకో మాత్రతో వైద్యం చేయవచ్చని చెప్పారు. ఆ మార్పు ఉందో లేదో పరీక్షించడానికి ఆ ముక్కే కావాలి. మిగిలిందో లేదో అని మాకు ఒకటే టెన్షన్. మొదటిసారి సూది గుచ్చినప్పుడే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అమ్మ రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. మళ్ళీ గుచ్చుతామంటే ఒప్పుకునే ధైర్యం నాకు లేదు.

గుంటూరు ల్యాబ్‌లో ఉన్న టెక్నీషియన్ అక్కా, మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. తీసినవి దారప్పోగుల్లాంటి ముక్కలు. వాటిని పాడవకుండా ఫార్మలిన్ అనే ద్రవంలో ఉంచి, మైనంలో పెట్టి బ్లాక్ చేస్తారని, దాన్నుంచి నాలుగైదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొరలు కోస్తారని మీరు చెప్తేనే తెలిసింది. బ్లాక్‌ని మెషీన్ మీద మళ్ళీ బిగించిన ప్రతిసారీ, పైభాగం సమం చేయడానికే కొంత ముక్క పోతుందట. అందుకని మీరు మొదటి రోజే అదనంగా పొరలు కోసి, రంగు వేయకుండా పక్కన పెట్టారు. అప్పటికి ఆ పరీక్ష పేరు మాకే తెలియదు. మిమ్మల్ని ఎవరూ అడగలేదు కూడా.

చిన్నాన్నా, ఎండాకాలం మైనం మెత్తబడుతుందేమోనని ఆ బ్లాక్‌ని ఐస్‌ప్యాక్‌ల మధ్య టిఫిన్ డబ్బాలో పెట్టి, గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్ళో పెట్టుకుని తీసుకొచ్చావు. పరీక్ష ఖర్చు పంచుకున్న అమ్మ పాత విద్యార్థులకి నమస్కారాలు. రిపోర్టులో ఎగ్జాన్ 19 డిలీషన్ అని వచ్చింది, అంటే డాక్టరుగారు చెప్పిన ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉందన్నమాట. ఆ రోజుకో మాత్ర, ఆసిమెర్టినిబ్, మొదలైంది.

ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ళకి ఒక్క మాట: బయాప్సీ రిపోర్టుతో ఆగకండి. బ్లాక్ ఎక్కడుందో అడగండి, తీసుకున్నాక నంబరు సరిచూసుకుని భద్రంగా పెట్టండి. మిగిలిన ముక్కని పరిశోధనకి వాడుకోవచ్చా అని అడిగితే అమ్మ వెంటనే సంతకం పెట్టింది. "నా దగ్గర ఉండి ఏం చేస్తుందిరా" అంది.

అక్కా, ఆ రోజు కంగారులో మీ పేరు అడగలేదు. వచ్చే నెల అమ్మని తీసుకుని మీ ల్యాబ్ కిటికీ దగ్గరికి వస్తాను. మిమ్మల్ని చూడాలని తను రోజూ అడుగుతోంది.